వెనకబడిన బిడ్డకు ఏ పద్ధతి: స్థాయి గ్రూపా, ట్యాబా, ట్యూషనా, స్కూలు మార్పా?

విజయవాడ సింగ్‌నగర్‌లోనో, గుంటూరు నల్లచెరువులోనో ఉంటూ పిల్లల్ని ప్రభుత్వ హైస్కూలుకు పంపే తల్లిదండ్రులను ఈ మధ్య ఒకే ప్రశ్న వేధిస్తోంది. అబ్బాయి ఎనిమిదికి వచ్చాడు. బడిలో మధ్యమధ్య పెట్టే ఎఫ్‌ఏ పరీక్షల మార్కులు చూస్తే బెంగ. బడిలో ట్యాబ్ క్లాసు ఉందంటారు. వెనకబడినవాళ్లకు విడిగా చెబుతామంటారు. పక్కింటివాళ్లు ట్యూషన్‌లో వేయమంటారు. ఊరి నుంచి వచ్చిన బావగారు సీబీఎస్‌ఈకి మార్చేయమంటారు. ఇన్నింట్లో దేన్ని నమ్ముకోవాలి?

నేను మునిసిపల్ హైస్కూల్లో లెక్కల టీచర్‌ని. ఇన్నేళ్లలో నాకు గట్టిగా అర్థమైన సంగతి ముందే చెబుతాను. బిడ్డ ఎక్కడ ఆగిపోయాడో తెలియకుండా పద్ధతి ఎంచుకుంటే ఏ పద్ధతీ ఫలించదు. ఒక తరగతి వెనకబడిన పిల్లకు సరిపోయేది నాలుగు తరగతులు వెనకబడిన పిల్లకు సరిపోదు. అందుకే ఈ పోలికలో ముందు బిడ్డను చూసుకోవడం, ఆ తర్వాతే మార్గాలు.

దేన్ని బట్టి పోల్చాలి

2020 జాతీయ విద్యా విధానం వచ్చినప్పటి నుంచి సామర్థ్యాల ఆధారంగా బోధన, పిల్లవాడి స్థాయికి తగిన చదువు అన్న మాటలు ప్రతి మీటింగులోనూ వింటున్నాం. వీటిలో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి, పాఠం అయిపోయిందా అని కాకుండా బిడ్డకు ఆ పని చేయడం వచ్చిందా అని చూడడం. రెండోది, అందరినీ ఒకే పేజీ మీద కూర్చోబెట్టకుండా ఎవరున్న చోటి నుంచి వాళ్లను నడిపించడం. చాలా మార్గాల్లో వీటిలో ఒకటే ఉంటుంది. రెండూ ఉన్నాయని చెప్పి ఒకటే ఇచ్చేవీ ఉన్నాయి. కాబట్టి ఎవరు ఏ పథకం పేరు చెప్పినా ఈ ప్రశ్నలు వేయండి.

- బిడ్డ ఉన్న చోటి నుంచే మొదలుపెడతారా, తరగతి పుస్తకం నుంచే మొదలుపెడతారా?
- రాకపోతే మళ్లీ నేర్పి, మళ్లీ చూస్తారా?
- తప్పు చేసినప్పుడు పక్కన చెప్పే మనిషి ఉంటాడా?
- పదో తరగతి పరీక్షలో అక్కరకు వస్తుందా, వస్తే ఎప్పటికి?
- మన ఇంటి పరిస్థితికి కుదురుతుందా?

చివరి ప్రశ్నను తక్కువగా చూడకండి. ఆటోనగర్ షెడ్డులో సాయంత్రాలు పనికెళ్లే అబ్బాయికి, అమ్మ పాచి పనులకు వెళితే తమ్ముణ్ణి చూసుకునే అమ్మాయికి సాయంత్రం ఆరు గంటల క్లాసు కాగితం మీదే ఉంటుంది.

ముందు ఇంట్లో చేయాల్సిన చిన్న పరీక్ష

ఒక తెల్ల కాగితం మీద ఈ ఆరు లెక్కలు రాసి ఇవ్వండి. టైమ్ పెట్టకండి. ఫోన్ దగ్గర ఉండకూడదు. తప్పు చేస్తే అక్కడికక్కడ కోప్పడకండి, ఎలా చేశావో చెప్పమనండి.

1. 5002 − 387
2. 832 ÷ 8
3. 2/3, 3/5 వీటిలో ఏది పెద్దది? ఎందుకు?
4. −7 + 4
5. 350లో 20 శాతం ఎంత?
6. x/3 + 2 = 5 అయితే x ఎంత?

జవాబులు వరసగా 4615, 104, 2/3, −3, 70, 9. జవాబు కంటే తప్పు ఎలా చేశాడన్నదే మనకు ఎక్కువ చెబుతుంది. రెండో లెక్కకు ఎనిమిదో తరగతి పిల్లలు చాలామంది 14 అని రాస్తారు. ఎనిమిదిలో ఎనిమిది ఒకసారి పోయింది, మూడులో ఎనిమిది పోదు, రెండు దించుకుంటే ముప్పై రెండు, ఎనిమిది నాలుగులు. మధ్యలో సున్నా పెట్టాలన్నది వాడికి తెలియదు. ఎక్కాలు వచ్చు, భాగహారం వచ్చనే అనుకుంటున్నాడు. వాడికి రానిది స్థాన విలువ, అంటే ప్రైమరీ స్కూలు సంగతి. మూడో లెక్కకు "3/5 పెద్దది, ఎందుకంటే 2 కంటే 3, 3 కంటే 5 పెద్దవి కదా" అన్నాడంటే భిన్నాల దగ్గర ఆగిపోయాడు. ఇలాంటి పిల్లవాడికి ఆరో లెక్క రాదు. అందరూ దాన్ని చూసి బీజగణితం రాలేదంటారు, పాపం వాడు ఆగింది x దగ్గర కాదు, దాని కింద ఉన్న 3 దగ్గర.

మొదటి రెండు తప్పితే ప్రైమరీ స్థాయి ఖాళీ. మూడు తప్పితే ఐదు, ఆరు తరగతుల ఖాళీ. నాలుగు, ఐదు తప్పితే ఆరు, ఏడు. ఆరోది మాత్రమే తప్పితే బిడ్డ దాదాపు తన తరగతిలోనే ఉన్నట్టు, కొంచెం సాధన చాలు.

ఇంకొక్క పని చేయండి. మన పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగులో, ఎదురు పేజీ ఇంగ్లీషులో ఉంటుంది. ఒక పద సమస్యను ముందు ఇంగ్లీషు పేజీలో చేయమనండి. రాకపోతే అదే సమస్యను తెలుగు పేజీలో చదివి చేయమనండి. తెలుగులో చేసేశాడా, అతనికి లెక్కలు వచ్చు, ఇంగ్లీషు చదవడమే అడ్డు. అలాంటి బిడ్డను లెక్కల ట్యూషన్‌లో వేసి ఏడాది డబ్బు కట్టిన తల్లిదండ్రులు ఉన్నారు. తెలుగు పేజీ కూడా తడబడుతూ చదివి, ఏం చదివాడో చెప్పలేకపోతే సమస్య ఇంకా కింద ఉంది. ముందు చదవడం కావాలి, లెక్కలు తర్వాత.

ఈ కాగితం దాచిపెట్టండి. తర్వాత దీనితో పని ఉంది.

మొదటి మార్గం: బడిలోనే స్థాయి గ్రూపులు

రోజుకో పీరియడ్ తరగతి గీతలు చెరిపేసి, ఎవరి స్థాయిని బట్టి వాళ్లను కూర్చోబెట్టి చెప్పడం ఈ పద్ధతి. పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ ఉత్తరాది రాష్ట్రాల్లో మూడు నుంచి ఐదు తరగతుల పిల్లలతో దీన్ని పెద్దఎత్తున నడిపింది. అక్కడ జరిగిన అధ్యయనాల్లో తేలిన సంగతి మన హెచ్‌ఎంలందరూ గుర్తుంచుకోవాల్సింది. టీచర్లకు ట్రైనింగ్, పుస్తకాలు ఇచ్చి వదిలేసిన చోట బడి వేళల్లో పెద్ద మార్పు రాలేదు. హర్యానాలో మాత్రం టైమ్‌టేబుల్లో దీనికంటూ ఒక గంట కేటాయించి, పైనుంచి వచ్చి చూసి సాయపడే మనుషుల్ని పెట్టారు. అక్కడ ప్రభుత్వ టీచర్ల చేతుల మీదుగానే పిల్లల చదువు మెరుగుపడింది. టైమ్‌టేబుల్లో గంట లేకపోతే సిలబస్ దాన్ని మింగేస్తుంది. ఇది నేను కళ్లారా చూసిన విషయం కూడా.

మూడు నాలుగు తరగతులు వెనకబడిన బిడ్డకు దీన్ని మించింది లేదని నా అభిప్రాయం. 832 ÷ 8ను పుల్లల కట్టలతో, పది రూపాయల నోట్లతో చేయించి, సున్నా ఎందుకొస్తుందో చూపించే మనిషి ఎదురుగా ఉంటాడు. చదవడం రాని బిడ్డకైతే వేరే దారే లేదు, పక్కన కూర్చుని వినేవాళ్లు కావాల్సిందే.

హైస్కూల్లో దీనికి ఒక పెద్ద చిక్కుంది. అదే సిగ్గు. తొమ్మిదో తరగతి అబ్బాయి మీసం వస్తున్న వయసులో ఆరో తరగతి పిల్లల పక్కన కూర్చుని తీసివేతలు చేయడానికి ఇష్టపడడు. "డల్ బ్యాచ్" అన్న పేరు పడిందంటే బడికి రావడమే మానేస్తాడు. దీన్ని తట్టుకునే బడులు కొన్ని పనులు చేస్తాయి. బడి మొత్తానికి అదే గంటలో గ్రూపులు పెడతాయి, ప్రతివాడూ ఏదో ఒక గ్రూపులో ఉంటాడు కాబట్టి ఎవరి మీదా వేలు పడదు. గ్రూపులకు వెనక, ముందు అని తెలిసే పేర్లు పెట్టవు. ఆరు వారాలకోసారి మళ్లీ చూసి పిల్లల్ని మారుస్తాయి. ఈ మార్చడమే ముఖ్యం. జూన్‌లో కింది గ్రూపులో వేసిన బిడ్డ ఫిబ్రవరిలోనూ అక్కడే ఉన్నాడంటే అది స్థాయికి తగిన చదువు కాదు, వాణ్ణి పక్కన పెట్టేయడం.

రెండో మార్గం: ట్యాబ్, కంప్యూటర్ మీద స్థాయిని బట్టి నడిచే చదువు

ఇక్కడ తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ఒకటుంది. ట్యాబ్‌లో చదువు అంతా ఒకటి కాదు. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు పంచారు. వాటిలో వీడియో పాఠాలు ఉన్నాయి. వీడియో ఎంత బాగున్నా అందరికీ ఒకటే పాఠం, అర్థంకాని బిడ్డకు రెండోసారి చూసినా అదే వస్తుంది. దీక్షా యాప్‌లో పుస్తకం మీది క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే వచ్చే వీడియోలూ అంతే. అవి రివిజన్‌కు బాగా పనికొస్తాయి.

స్థాయిని బట్టి మారే సాఫ్ట్‌వేర్ వేరు. అందులో పిల్లవాడు x/3 తప్పు చేస్తే అది తర్వాతి లెక్కకు వెళ్లదు, కిందికి దిగుతుంది. 9లో మూడో వంతు ఎంత అని అడుగుతుంది. అదీ రాకపోతే బొమ్మ చూపించి పంచమంటుంది. వచ్చాక మళ్లీ పైకి తెస్తుంది. రాష్ట్రంలో కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లలో ఇలాంటి ల్యాబ్ క్లాసులు నడుస్తున్నాయి. మీ బడిలో ఉన్నది ఏ రకమో హెచ్‌ఎంని సూటిగా అడగండి.

దీని మీద మన దేశంలో జరిగిన మంచి అధ్యయనం ఒకటి ఉంది. కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గనిమియన్ 2015లో ఢిల్లీలో ప్రభుత్వ బడుల పిల్లల మీద చేశారు. ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలు 619 మంది. మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్‌తో బడి అయ్యాక గంటన్నర చదువు. మొదట్లో చేసిన పరీక్షలో ఆరో తరగతి పిల్లలు సగటున లెక్కల్లో రెండున్నర తరగతులు వెనక ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లలు నాలుగున్నర తరగతులు వెనక ఉన్నారు. ఏడాదికేడాది పాఠం ముందుకు పోతోంది, పిల్లలు ఉన్నచోటే ఉండిపోతున్నారు. నాలుగున్నర నెలల్లో ఈ చదువు అందిన పిల్లలు లెక్కల్లో, హిందీలో మిగతావాళ్లకంటే స్పష్టంగా ముందుకు వెళ్లారు.

ఆ అధ్యయనం చూసి ట్యాబ్ ఇస్తే చాలనుకోకూడదు. ఆ గంటన్నరలో సగమే కంప్యూటర్. మిగతా సగం చిన్న గ్రూపులో మనిషి చెప్పిన చదువు. ఇంకొకటి, తల్లిదండ్రులకు ఇంకా ముఖ్యమైనది. బడిలో తరగతి స్థాయిలో పెట్టే లెక్కల పరీక్షల్లో ఆ పిల్లల మార్కులు చెప్పుకోదగ్గట్టు పెరగలేదు. ఎందుకో ఆలోచిస్తే తెలుస్తుంది. ఎనిమిదో తరగతి బిడ్డ ఇప్పుడే ఐదో తరగతి భిన్నాలు నేర్చుకున్నాడు. నిజంగా నేర్చుకున్నాడు. కానీ టర్మ్ చివర పెట్టే ఎస్‌ఏ పేపర్లో ఐదో తరగతి భిన్నాలు అడగరు. కాబట్టి ట్యాబ్ క్లాసు మొదలైన మూడు నెలలకే ప్రోగ్రెస్ కార్డు చూసి "ఏం లాభం లేదు" అని మాన్పించకండి. ఇంట్లో దాచిన ఆ కాగితం తీసి, అంకెలు మార్చి మళ్లీ ఇవ్వండి. మార్పు ముందు అక్కడ కనిపిస్తుంది.

ట్యాబ్ క్లాసు నిజంగా జరుగుతోందా అని తెలుసుకోవడానికి నేను ఒకటే చూస్తాను, రఫ్ నోట్సు. స్క్రీన్ మీద నాలుగు జవాబులుంటే కొందరు పిల్లలు లెక్క చేయకుండా వరసగా నొక్కుకుంటూ పోతారు. ఆకుపచ్చ టిక్ వస్తుంది, తర్వాతిదానికి వెళతారు. రఫ్ నోట్సులో కొట్టివేతలు, భాగహారాలు నిండి ఉంటే బిడ్డ చేస్తున్నాడు. పేజీ తెల్లగా ఉంటే నొక్కుతున్నాడు. ఈ ఒక్క తనిఖీకి మీరు చదువుకుని ఉండాల్సిన పని లేదు, ఏ అమ్మైనా చేయగలదు.

గుంటూరు చుట్టుపక్కల మిరప కోతల రోజుల్లో కుటుంబాలతోపాటు కొందరు పిల్లలూ వెళ్లిపోతారు. వారాల తరబడి బడికి రాలేని అలాంటి పిల్లలకు ఈ సాఫ్ట్‌వేర్‌తో ఒక పెద్ద మేలుంది, ఎక్కడ ఆగాడో అక్కడి నుంచే మొదలవుతుంది. తరగతి గదిలో అది కుదరదు.

మూడో మార్గం: వచ్చేదాకా వదలని టీచర్ క్లాసు

అమెరికా విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ 1968లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. పాఠం చెప్పడం, చిన్న పరీక్ష పెట్టడం, ఎనభై శాతమో అంతకు మించో రానివాళ్లకు రెండు మూడు రోజులు వేరే విధంగా మళ్లీ నేర్పడం, వేరే పేపర్‌తో మళ్లీ చూడడం. వచ్చినవాళ్లు ఆ రోజుల్లో కష్టమైన సమస్యలు చేస్తారు. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు. తరగతి పాఠం మీదే నడుస్తుంది కాబట్టి మార్కుల్లో తొందరగా కనిపిస్తుంది.

ఇది ఆ టీచర్ మీద, ఆ హెచ్‌ఎం మీద ఆధారపడిన పద్ధతి. పదో తరగతిలో సిలబస్ తొందరగా ముగించి రివిజన్‌లోకి దిగాలని ఒత్తిడి. యాభై మంది తరగతిలో ఇరవై మందికి మళ్లీ నేర్పుతూ ముప్పై మందికి పని ఇవ్వడం ఏ టీచర్‌కైనా కష్టమే. అయినా ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ముఖ్యమైన నాలుగైదు పాఠాలకైనా ఇలా చేసే టీచర్ మీ బడిలో ఉంటే ఆ బడి వదలకండి. ఒకటి రెండు తరగతులు వెనకబడిన బిడ్డకు ఇదే చాలు.

అలాంటి టీచర్ ఎవరో కనుక్కోవడం సులువు. పాత యూనిట్ పరీక్ష పేపర్లు చూపించమనండి. ఒకే పాఠానికి వేర్వేరు అంకెలతో రెండు పేపర్లు ఉన్నాయా? తప్పుల పక్కన ఇంటూ గుర్తు ఒక్కటే ఉందా, బిడ్డ దిద్దుకున్న లెక్క కూడా ఉందా? అదే పేపర్ మళ్లీ రాయించి ఎనభై శాతం వచ్చిందంటే పిల్లవాడు జవాబులు గుర్తుపెట్టుకున్నాడు, అంతే.

ఈ పద్ధతిని చట్టంతో అందరి మీదా పెడితే ఏమవుతుందో అమెరికాలోని మెయిన్ అనే రాష్ట్రం చూసింది. 2012లో చట్టం చేసి, సామర్థ్యాలు చూపితేనే హైస్కూలు డిప్లొమా అన్నారు. మార్కుల బదులు ఒకటి నుంచి నాలుగు అంకెల కొలతలు వచ్చాయి. తల్లిదండ్రులకు అవి అర్థం కాలేదు, ఒక్కో బడి ఒక్కో తీరుగా అమలు చేసింది. 2018లో ఆ నిబంధన తీసేశారు. ఇప్పుడు మన దగ్గర సమగ్ర ప్రోగ్రెస్ కార్డులు వస్తున్నాయి. వాటిలో రాసింది అర్థం కాకపోతే మెగా పేరెంట్ టీచర్ మీటింగులో ఆగి అడగండి. "భిన్నాలు పోల్చగలడు" అని రాసి ఉంటే "ఒక లెక్క చేయించి చూపించండి మేడమ్" అని మర్యాదగా అడగడంలో తప్పేమీ లేదు.

నాలుగో మార్గం: ట్యూషన్

ట్యూషన్‌లో చిన్న గ్రూపు, తెలిసిన మనిషి, ఇంటికి దగ్గర. 2025లో ప్రభుత్వ పథకం తల్లికి వందనం కింద బిడ్డకు 13,000 రూపాయలు ఖాతాలో పడినప్పుడు కొందరు తల్లులు నేరుగా ట్యూషన్‌కే కట్టారు. బిడ్డ బాగుపడాలన్న ఆశ అది, దాన్ని తప్పు పట్టను. కానీ మన వీధుల్లో ట్యూషన్లు ఎక్కువగా చేసేది హోంవర్క్ పూర్తిచేయించడం, పరీక్ష ముందు ముఖ్యమైన ప్రశ్నలు చదివించడం. బిడ్డ ఐదో తరగతి దగ్గర ఆగిపోయి ఉంటే ట్యూషన్ మాస్టారు ఎనిమిదో తరగతి లెక్కను తానే చేసి కాపీ చేయిస్తాడు. నోట్సు నిండుతుంది.

ఆ ఆరు లెక్కల కాగితం ట్యూషన్ మాస్టారికి చూపించండి. "ముందు భిన్నాలు చూద్దాం, హోంవర్క్ తర్వాత" అన్నాడా, డబ్బు కట్టండి. "పర్వాలేదమ్మా, మార్కులు నేను తెప్పిస్తా" అన్నాడా, ఇంకొకరిని వెతకండి. ఐఐటీ ఫౌండేషన్ పేరుతో నడిచే బ్యాచులు ఆరు లెక్కలూ సరిగ్గా చేసిన బిడ్డకు మాత్రమే. వెనకబడిన బిడ్డను వాటిలో వేస్తే ఉన్న ధైర్యం కూడా పోతుంది.

ఐదో మార్గం: సీబీఎస్‌ఈకి మారడం

రాష్ట్రంలో వెయ్యి ప్రభుత్వ బడులను సీబీఎస్‌ఈలోకి తీసుకెళ్లి, 2024లో పిల్లలు ఆ పరీక్షలకు సిద్ధంగా లేరని మళ్లీ రాష్ట్ర బోర్డుకు తెచ్చారు. కాబట్టి ఇప్పుడు ఈ మార్పు అంటే కేంద్రీయ విద్యాలయం, నవోదయ లేదా ప్రైవేటు బడి.

సీబీఎస్‌ఈ పదో తరగతి పేపర్లలో సగం ప్రశ్నలు సామర్థ్యాన్ని చూసేవే. పేరా ఇచ్చి, పట్టిక ఇచ్చి, ఆలోచించి చేయమంటాయి. 2026 నుంచి పదో తరగతి పరీక్ష ఏడాదికి రెండుసార్లు పెడుతున్నారు, మే నెలలో మూడు సబ్జెక్టుల దాకా మెరుగుపరచుకోవచ్చు. ఇది మంచి మార్పే. అయితే ప్రశ్నలు మారాయి గానీ బిడ్డ ఉన్న చోటి నుంచి మొదలుపెట్టే ఏర్పాటు ఏదీ బోర్డు మార్చగానే రాదు. వెనకబడిన బిడ్డకు పుస్తకం ఇంకా దూరమవుతుంది. ఆరు లెక్కలూ చేసి, ఇంగ్లీషు పేజీ సొంతంగా చదువుకోగల బిడ్డ అయితేనే ఆలోచించండి. తొమ్మిది మధ్యలో మాత్రం మార్చకండి.

ఆరో మార్గం: ఓపెన్ స్కూల్

బడి పూర్తిగా మానేసిన, పనిలో చేరిపోయిన పిల్లలకు ఇది నిజమైన దారి. జాతీయ సార్వత్రిక విద్యా సంస్థలో రిజిస్ట్రేషన్ ఐదేళ్లు చెల్లుతుంది, తొమ్మిది అవకాశాలు ఉంటాయి, పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలుస్తుంది. రాష్ట్రానికీ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీ ఉంది. వేగం మన చేతిలో ఉంటుంది, నేర్పే మనిషి మాత్రం ఉండడు. బడికి వెళుతున్న బిడ్డను మార్కులు తక్కువని ఇటు తేవద్దు.

పక్కపక్కన పెట్టి చూస్తే

| మార్గం | ఉన్న చోటి నుంచి మొదలు | వచ్చేదాకా మళ్లీ అవకాశం | పక్కన మనిషి | మార్కుల్లో కనిపించేది |
|---|---|---|---|---|
| స్థాయి గ్రూపు | అవును | గ్రూపులు మారుస్తుంటే అవును | ఉంటారు | ఆలస్యంగా |
| స్థాయిని బట్టి మారే ట్యాబ్ | అవును | అవును | బడి ఏర్పాటును బట్టి | ఆలస్యంగా |
| వీడియోల ట్యాబ్ | లేదు | వీడియో మళ్లీ చూడొచ్చు, అంతే | లేరు | కొంచెం |
| మళ్లీ నేర్పే టీచర్ క్లాసు | తరగతి పాఠం నుంచి | అవును | ఉంటారు | త్వరగా |
| ట్యూషన్ | మాస్టారిని బట్టి | మాస్టారిని బట్టి | ఉంటారు | త్వరగా, నిలబడకపోవచ్చు |
| సీబీఎస్‌ఈ | లేదు | పరీక్షలో రెండో అవకాశం | బడిని బట్టి | మొదట తగ్గొచ్చు |
| ఓపెన్ స్కూల్ | లేదు | పరీక్షల్లో పుష్కలంగా | దాదాపు లేరు | ఒక్కో సబ్జెక్టుగా |

ఎవరికి ఏది

మొదటి రెండు లెక్కల దగ్గరే తప్పిన బిడ్డకు బడిలో స్థాయి గ్రూపు. అది లేకపోతే, అక్కడి నుంచి మొదలుపెట్టడానికి ఒప్పుకునే ట్యూషన్ మాస్టారు. ట్యాబ్ ఒక్కటే అతన్ని పైకి తేలేదు, చదవడం రాకపోతే ట్యాబ్ మీద ప్రశ్న కూడా చదవలేడు.

భిన్నాలు, పూర్ణసంఖ్యల దగ్గర ఆగిన బిడ్డకు స్థాయిని బట్టి మారే ట్యాబ్ క్లాసు, దాంతోపాటు వారానికి రెండుసార్లు రఫ్ నోట్సు చూసే మనిషి. ఆ మనిషి టీచర్ కావచ్చు, ఇంటర్ చదివే అక్క కావచ్చు. నా దృష్టిలో మన హైస్కూళ్లలో ఎక్కువమంది పిల్లలు ఈ గుంపులోనే ఉన్నారు, వీళ్లకే మనం తక్కువ చేస్తున్నాం. మొదటి గుంపు అందరి కంటా పడుతుంది, చివరి గుంపు మార్కులు తెస్తుంది. మధ్యలోవాళ్లు నోరు మెదపకుండా బోర్డు మీదిది ఎక్కించుకుంటూ పదో తరగతి దాకా వచ్చేస్తారు.

ఆరోది మాత్రమే తప్పిన బిడ్డకు ఏ మార్పూ వద్దు. మళ్లీ నేర్పి మళ్లీ పరీక్ష పెట్టే టీచర్ క్లాసు, ఇంట్లో రోజూ అరగంట. అన్నీ చేసిన బిడ్డకు ఇంకా కష్టమైన సమస్యలు అడిగి తెప్పించండి. వెనకబడినవాళ్లకు నేర్పే రోజుల్లో ఈ పిల్ల ఖాళీగా కూర్చుంటే అది కూడా నష్టమే.

ఇంగ్లీషు పేజీ దగ్గర మాత్రమే ఆగే బిడ్డకు రెండు పేజీలూ పక్కపక్కనే పెట్టుకుని చదివే అలవాటు చేయించండి. ఖర్చు లేదు, రెండు నెలల్లో తేడా తెలుస్తుంది.

హెచ్‌ఎంని అడగాల్సినవి

విద్యా కమిటీలో ఉన్నా లేకపోయినా ఇవి అడిగే హక్కు మీకుంది. మావాడు ఏ స్థాయిలో ఉన్నాడని మీరు ఎలా చూశారు, ఆ కాగితం ఉందా? స్థాయిని బట్టి చెప్పే పీరియడ్ టైమ్‌టేబుల్లో ఎక్కడుంది? ట్యాబ్‌లు ఎన్ని పనిచేస్తున్నాయి, ఒక్కొక్క దాని ముందు ఎంతమంది కూర్చుంటున్నారు? ఆ క్లాసులో ఏ టీచర్ ఉంటారు? గ్రూపులు మళ్లీ ఎప్పుడు మారుస్తారు? వీటికి సూటిగా జవాబు చెప్పే బడి, రంగులు వేసిన గోడల్లేకపోయినా, మంచి బడి.

ఏ మార్గం ఎంచుకున్నా ఆరు వారాలు ఆగండి. తర్వాత అంకెలు మార్చి అవే ఆరు లెక్కలు ఇవ్వండి. ముందు తప్పినదాంట్లో ఒక్కటైనా ఇప్పుడు వచ్చి, ఎందుకో కూడా చెప్పగలిగితే అదే మార్గంలో కొనసాగండి. ఏమీ కదలకపోతే టీచర్‌కు రెండు కాగితాలూ చూపించి, పద్ధతి మార్చమనండి.

పదో తరగతి బిడ్డ సంక్రాంతి సెలవుల్లో ఈ పరీక్షలో వెనకబడ్డాడని తేలితే మాత్రం ఇదంతా మార్చిలోపు మొదలుపెట్టకండి. అప్పుడు బడిలో నడిచే వంద రోజుల ప్రణాళికలో తేలికగా వచ్చే పాఠాలు పట్టుకుని పాస్ మార్కులు దాటించడమే సరైన పని. తప్పితే సప్లిమెంటరీ ఉంది, ఆ సంగతి బిడ్డకు ముందే చెప్పండి, టెన్షన్ తగ్గుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఉన్న ఖాళీలో భిన్నాల దగ్గర కూర్చోబెట్టండి. ఇంటర్‌లో చేరినా, పాలిటెక్నిక్‌కు వెళ్లినా, ఐటీఐలో ఫిట్టర్ కోర్సు తీసుకున్నా మొదటి వారంలోనే అవి మళ్లీ ఎదురొస్తాయి.